చింతగింజల నుంచి తొలిమెట్టు దాకా

స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్ర మీద ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. హెడ్మాస్టర్ల పేర్లు, గదులు కట్టించిన దాతలు, పదో తరగతి ఫలితాలు రాసేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఉద్యోగమంతా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ గడిపినవాణ్ని. ఇంటర్ లెక్చరర్‌కు దొరికే గౌరవం ఒకటో తరగతి పంతులుకు దొరకదు గానీ, అక్కడ కూర్చుంటే కనిపించేవి ఇంకెక్కడా కనిపించవు. కనుక నాకు తెలిసిన చరిత్రే రాస్తాను. మన వైపు పిల్లవాడు ఒకటీ రెండూ మూడూ ఎట్లా నేర్చుకుంటూ వచ్చాడు, ఆ చదువులో చేతికి ఎప్పుడు చోటు దొరికింది, ఎప్పుడు పోయింది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఇసుక సంగతి. పాత వీధిబడిలో నేలమీద ఇసుక పరిచి వేలితో దిద్దించేవారని మన తాతలు చెప్పిన మాట కంపెనీ కాగితాల్లోనూ ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు అందులో బాగా పేరుపడింది. అప్పటి బళ్లారి జిల్లాలో అనంతపురం ప్రాంతమూ కలిసే ఉండేది. జిల్లాలో 533 బడులు, వాటిలో తెలుగు బడులు 226, పిల్లలు మొత్తం 6,641 మంది అని ఆయన లెక్క తేల్చాడు. పిల్లవాడు అక్షరాన్ని ముందు వేలితో ఇసుకలో రాస్తాడనీ, అది చేతికి అలవాటయ్యాకే తాటాకు, గంటం వంటివి పట్టుకుంటాడనీ రాశాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఏర్పాటునూ, ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్నీ మెచ్చుకున్నాడు.

అదే జవాబులో ఒక మందలింపు కూడా ఉంది. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెబుతారు గానీ, వాటి అర్థం చిలుకకు తెలిసినంత కూడా వాళ్లకు తెలియదని. రెండు వందల ఏళ్లు దాటింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారుల నోట ఆ చిలుక పోలికను నేనూ ఎన్నోసార్లు విన్నాను.

ఇసుక రాత సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే మతగురువు, దేశీయ బడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి తన బడిలో పెట్టాడు. పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతిని దానికి జోడించి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండు బడులకు పాకింది. మన దగ్గర మాత్రం పలకలొచ్చాక ఇసుక నామోషీ అయిపోయింది.

ఇక లెక్క. మన పల్లెల్లో లెక్క నేర్పిన మొదటి బడి కల్లం. రాశి ముందు కూర్చుని కొలిచే మనిషి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. తర్వాతే రెండు, మూడు. ఆ ‘లాభం’ అంటే ఒకటేనని పిల్లవాడికి ఎవరూ చెప్పరు. రెండు అనే మాట వినగానే వాడే వెనక్కి వెళ్లి సరిచేసుకుంటాడు. కొలతలేమో, నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఊరు మారితే మానిక పరిమాణం కొంచెం మారేది, వరస మాత్రం ఇదే. గిద్ద నుంచి తూము దాకా అన్నీ రెండింతలు, నాలుగింతలు. సోలతో రెండుసార్లు పోస్తే తవ్వ నిండుతుందని కళ్లతో చూసిన పిల్లకు సగం అంటే ఏమిటో బోర్డు మీద గీసి చూపించాల్సిన పని లేదు. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసం. ఇప్పుడు ఐదో తరగతిలో పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టే భిన్నాలు అప్పట్లో వంటింట్లో, అంగట్లో మాటలే.

ఆటలూ అంతే. వామనగుంటల పీటలో వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. గుప్పెట్లో చింతగింజలు తీసుకుని గుంటకొకటి వేసుకుంటూ పోతే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూసుకున్నవాళ్లదే గెలుపు. మా నాయనమ్మకు సంతకం రాదు. ఆ పీట ముందు కూర్చుంటే మాత్రం గింజలు ముట్టుకోకుండానే చెప్పేది. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. పడిన పందేన్ని రెండు కాయలకు పంచాలా, ఒకదానికే నడపాలా అని ఆలోచించిన పిల్ల కూడిక చేస్తున్నట్టే లెక్క.

ఈ చేతి లెక్కకూ పుస్తకం లెక్కకూ మన దగ్గర పెద్దగా స్నేహం కుదరలేదు. పుస్తకాలు లేక కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఎన్నో వందల ఏళ్లయింది. మన భాషలో శాస్త్ర గ్రంథాల వరసలో అదే మొదట నిలుస్తుంది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష వచ్చింది, అదే తర్వాత పెద్దబాలశిక్షగా ఇంటింటికీ చేరింది. కానీ అందులోని ఎక్కాలను పిల్లవాడు వల్లె వేశాడే తప్ప, ఆ ఎక్కానికీ కల్లంలో తాను చూసిన తవ్వకూ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు.

నిజాం కాలంలో ఆ దూరం ఇంకా పెరిగింది. సర్కారు బడిలో ఉర్దూది పెద్దపీట. సొంతంగా ఖాన్గీ బడి పెట్టుకోవాలంటే అనుమతులు కావాలి. మన నల్లగొండ జిల్లాలోనే, దేవరకొండలో 1931లో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షత వహించారు. మాతృభాషలో చదువు ఆ సభలన్నిటిలో వినిపించిన కోరిక. అది భాషాభిమానం ఒక్కటే కాదని నా అభిప్రాయం. ఇంట్లో సోల, తవ్వ అని కొలిచి, బడిలో ఇంకో భాషలో మొత్తం ఎంత అని అడిగితే ఆరేళ్ల పిల్లవాడికి ఆ రెండూ ఒకే ప్రశ్న అని ఎట్లా తెలుస్తుంది? ఇప్పటి ఇంగ్లీషు మీడియం ఒకటో తరగతిలోనూ నేను అడిగేది ఇదే.

తర్వాత వచ్చిన మార్పు మంచిదే గానీ ఒక తరాన్ని తికమక పెట్టింది. 1956లో మెట్రిక్ తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలు. బడిలో అన్నీ పదులు, వందలు. ఇంట్లో మాత్రం ఇంకా నాలుగులు, పదహారులు. పావలా అంటే పాతిక పైసలని సార్లు చెబితే, నాలుగు అణాలని అమ్మ చెప్పేది. ఇద్దరి మాటా నిజమే. ఆ తికమకలో బడి గెలిచింది, కుంచం అటక ఎక్కింది. (పావలా బిళ్ల మాత్రం 2011 జూన్ 30 దాకా చెల్లింది. పావు అనే మాటను అంతకాలం పిల్లల జేబుల్లో బతికించింది అదే.)

1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు జొన్న, ఆముదం చేలు వరి మళ్లయ్యాయి. రైసు మిల్లులు లేచాయి. ధాన్యం బస్తాల్లోకి, కాంటా మీదికి వెళ్లింది. కల్లంలో కుంచం పట్టుకుని ‘లాభం, రెండు’ అనే మనిషి కనిపించకుండా పోయాడు. కాలువ నీళ్లు ఇంటింటికీ అన్నం తెచ్చాయి, అందులో మరో మాట లేదు. మన పిల్లల మొదటి లెక్కల బడి మాత్రం ఆ నీళ్లలోనే కొట్టుకుపోయింది. దాని జాగాలో బడి ఇంకేదైనా పెట్టాల్సింది. చాలా ఏళ్లు ఏమీ పెట్టలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పల్లె బడిలో, మూడో తరగతి పిల్ల ఒకతె 52 లోంచి 27 తీసెయ్యమంటే పలక మీద 35 అని వేసింది. మర్నాడు అట్లాంటిదే ఇంకో లెక్క ఇస్తే మళ్లీ అదే తంతు. చెవి మెలిపెట్టాను, పదిసార్లు రాయించాను. ఆ సాయంత్రమే కిరాణా కొట్టు దగ్గర ఆ పిల్ల కనిపించింది. యాభై రూపాయల నోటిచ్చి ఇరవై ఏడు రూపాయల సరుకులు తీసుకుంది. కొట్టాయన చిల్లర లెక్కపెట్టే లోపే, ‘ఇరవై మూడు ఇయ్యాలె’ అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ రాత్రి 35 ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే తెలిసింది. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు. పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలని నేనే చెప్పాను కదా, ఆ పిల్ల నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. ‘పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అని కూడా చెప్పాను. తెచ్చుకున్నది ఒకటైతే అది పది ఎట్లా అయిందో చెప్పలేదు. నిజానికి నాకూ ఎవరూ చెప్పలేదు. లెక్క వచ్చిన పిల్లను లెక్క రాదని కొట్టానే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ సంగతి మీద లోకంలో చాలామంది అప్పటికే పనిచేశారని తర్వాత చదివాను. 1907లో రోము నగరపు పేదవాడలో పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి, విడిపూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం తయారుచేయించారు. పిల్లవాడు వెయ్యిని చేత్తో ఎత్తితే బరువు తెలుస్తుంది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా ఆ పద్ధతిని మన మట్టికి తగ్గట్టు మలిచి, 1932లో గుజరాతీలో ‘దివాస్వప్న’ రాశారు. తెలుగులో అది ‘పగటికల’ పేరుతో దొరుకుతుంది. మన సంఘం లైబ్రరీలో ఆ పుస్తకం ఉండాలి. లేకపోతే నా కాపీ ఇస్తాను.

పూసల పెట్టెలు కొనే స్తోమత మన బడులకు లేదు. ఆ ఆలోచన మన దాకా వేరే దారిలో వచ్చింది. ఆ దారి పేరు వింటే ఈ సంచిక చదివే పాత టీచర్లందరి ముఖాల మీదా చిరునవ్వు రావాలి. అదే ఆపెప్, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ముందు కొన్ని బడుల్లో ప్రయోగంగా నడిచి, 1989 నుంచి 1996 దాకా ఇరవై మూడు జిల్లాలకూ విస్తరించింది. సూత్రాలు ఆరు. కృత్యాలను ఉపాధ్యాయుడే తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవాలి. తరగతి మొత్తం, జట్లు, ఒక్కొక్కరు, మూడు రకాలుగా పని జరగాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించి గదిని అందంగా ఉంచాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. అంటే, వాటినీ బట్టీ పట్టేశామన్నమాట!

వెక్కిరించడానికి చెప్పడం లేదు. నాకు ఆ శిక్షణ కళ్లు తెరిపించింది. ఉపాధ్యాయ కేంద్రంలో చుట్టుపక్కల ఊళ్ల సార్లం, మేడంలం చాపల మీద గుండ్రంగా కూర్చుని చీపురు పుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టాం. పెద్దవాళ్లం అట్లా కూర్చోవడమే ఓ వింత. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు. అందులోంచి 27 ఇవ్వాలి. ఏడు పుల్లలు ఇవ్వబోతే చేతిలో ఉన్నవి రెండే. ఏం చేస్తావు? అప్పు మాట ఎవరూ ఎత్తలేదు. ఒక కట్ట పురికొస విప్పారు. రెండూ పదీ కలిసి పన్నెండు విడిపుల్లలయ్యాయి. ఏడు ఇస్తే ఐదు మిగిలాయి. ఉన్న నాలుగు కట్టల్లో రెండు ఇస్తే రెండు మిగిలాయి. ఇరవై ఐదు. ఆ పురికొస విప్పిన క్షణంలో నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది. అన్నేళ్లుగా లెక్కలు చెబుతూ, పక్కింటి నుంచి తెచ్చిన ఒకటి పది ఎట్లా అయిందో ఆ రోజు చూశాను.

తిరిగొచ్చాక మూడు నెలల్లో నా గది మారిపోయింది. చింతగింజలు, పుల్లలు, సీసా మూతలు, అగ్గిపెట్టెలు. పిల్లలే తెచ్చారు, పైసా ఖర్చు లేదు. గుణకారానికి గింజలను వరుసల్లో పేర్చాం. మూడు వరుసలు నాలుగేసి అయినా, పీటను పక్కకు తిప్పి చూస్తే నాలుగు వరుసలు మూడేసి. మూడు నాలుగులు, నాలుగు మూడులు ఒకటేనని ఎక్కం చెప్పకముందే వాళ్లే అరిచారు.

చెడింది ఎక్కడ? తనిఖీకి వచ్చేవాళ్లకు పిల్లవాడి తలలో ఏం జరిగిందో కనిపించదు, గోడ మీద ఏం వేలాడుతోందో కనిపిస్తుంది. ఆరో సూత్రం మొదటి ఐదింటినీ మింగేసింది. తాళ్లు కట్టి కాగితాలు వేలాడదీశాం. తర్వాత డి.పి.ఇ.పి., దాని తర్వాత సర్వశిక్షా అభియాన్. బోధన సామగ్రికి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బు విలువ తక్కువేం కాదు. అయితే సామగ్రి మేళాల పేరుతో అట్టలు, థర్మోకోల్, రంగు కాగితాలు కొని, రాత్రంతా కూర్చుని టీచరే తయారుచేయడం మొదలైంది. బహుమతి వచ్చిన వస్తువు పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. పిల్లలు ముట్టుకోని బోధన సామగ్రి! నేనూ ఒకసారి రెండో బహుమతి తెచ్చుకున్నాను, దాచడం దేనికి.

ఇంకో వైపు నుంచి తల్లిదండ్రులు. ‘సారూ, మా వోడు బడిలో గింజలాడుకుంటుండట’ అని ఒకాయన కోపంగా వచ్చాడు. పక్క ప్రైవేటు బడిలో యూకేజీ పిల్ల వంద దాకా గడగడా చెబుతుంటే, గవర్నమెంటు బడిలో తన కొడుకు పుల్లలు కట్టడం ఆయనకు నచ్చలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. చిన్నప్పుడు గింజలతో ఆడుకునే ఆయన మిగిలిపోయాడు, బడికి వెళ్లే అదృష్టం లేకపోయింది. ఆయన దృష్టిలో బడి అంటే గింజలు కానిది. ఆ అబ్బాయి చేత ఆయన ముందే ఎరువు బస్తాల లెక్క ఒకటి చేయించాను. ఆయన ఏమీ అనలేదు గానీ, కొడుకును బడి మాన్పించలేదు.

దీనికి అటువైపు లోపం కూడా ఉంది, చెప్పకపోతే నిజాయితీ కాదు. గింజల దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని చూశాను. ఐదో తరగతిలోనూ తొమ్మిదీ ఆరూ కూడాలంటే వేళ్లు వెతుక్కుంటారు. పుల్లలు తీసి పక్కన పెట్టి, పుల్లల బొమ్మ గీసి, ఆ తర్వాత అంకెతో చెయ్యాలి. ఈ మూడో మెట్టు ఎక్కించే ఓపిక చాలామందికి ఉండదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే. వాటిని తిట్టే కొత్త మేధావులతో నాకు సరిపడదు. పన్నెండు ఎనిమిదులు ఎంతని అడిగిన ప్రతిసారీ గింజలు పేరుస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ముందు గింజలు, తర్వాత ఎక్కం. ఆ వరస తలకిందులైతేనే చిలుక పుడుతుంది.

2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయింది, పాలకీడు మండలమైంది. మన బడుల ఫైళ్ల మీద చిరునామాలు మారాయి. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతి దాటే లోపు ప్రతి పిల్లా చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం రావాలని లక్ష్యం. 2022 ఆగస్టు 15న మన రాష్ట్రంలో తొలిమెట్టు వచ్చింది. పుల్లల కట్టలు, పూసల చట్రం మళ్లీ బల్ల మీదికి వచ్చాయి. పేరు కొత్తది, పురికొస పాతదే. దానికి నాకు సంతోషమే.

ఈ వ్యాసం రాసే ముందు, మన మండలంలోనే ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి రెండో తరగతిలో వెనక కూర్చున్నాను. టీచరమ్మ వయసు నా కూతురి వయసంత ఉంటుంది. ఒక్కో జట్టుకు పుల్లల కట్టలు ఇచ్చి 43 లోంచి 18 తియ్యమంది. ఒక పిల్లవాడు కట్ట విప్పి, అవి పదేనని అమ్మ చెప్పినా నమ్మకుండా మళ్లీ ఎంచాడు. తొమ్మిదే వచ్చాయి. మళ్లీ ఎంచాడు, తొమ్మిదే. పక్కనున్న పిల్ల ‘పదే అని రాసెయ్’ అంది. వాడు రాయలేదు. చాప ఎత్తి వెతకడం మొదలుపెట్టాడు. టీచరమ్మ తొందరపెట్టకుండా చూస్తూ నిలబడింది. పదో పుల్ల నా చెప్పు కింద ఉంది.